రికార్డు చెరువు

పర్యావరణ శాస్త్రములో పట్టము పుచ్చుకొన్నవానికి బ్రతుకుతెరువు దొరకదనియు, అది ఎందులకును కొరగాని చదువనియు లోకమున ఒక అపవాదు చిరకాలముగా చెలామణి యగుచున్నది. ఇంటర్మీడియటులో బైపీసీ చదివి, నీట్ పరీక్షలో వైద్యము తప్పి, దంతవైద్యము తప్పి, పశువైద్యమునకును వ్యవసాయమునకును ర్యాంకు చాలక, తుదకు 'దోస్త్' అను స్నేహపూర్వకమైన పేరుగల ప్రభుత్వపు ప్రవేశయంత్రము ఏ కళాశాలలో ఏ మూల ఖాళీ చూపినదో ఆ మూలకు చేరుకొన్న పిల్లవాడు, తన సబ్జెక్టులలో పర్యావరణ శాస్త్రమొకటి యని ఇంటికి వచ్చి విన్నవించినప్పుడు, పడకకుర్చీలోని మేనమామ అడుగు ప్రశ్న తెలంగాణమునందంతటను ఒక్కటియే: "ఏందిరా అల్లుడా, గది సదివితే ఆఖరికి చెట్లు నాటుడేనా?" పిల్లవాడు సమాధానము వెదకుకొనులోపల తల్లి కలుగజేసికొని, "పోనీ తమ్మీ, డిగ్రీ అంటూ ఒకటి అయితే గ్రూప్స్ రాసుకుంటడు" అని ఆ శాస్త్రమునకు అంత్యక్రియలు జరిపి, టీ తెచ్చుటకు లోనికి పోవును.

ఈ అపవాదును ఖండించుటయే నా ప్రస్తుత ప్రయత్నము. మన విశ్వవిద్యాలయములు ప్రసాదించు పట్టములలో దేశావసరములకు ఇంత కచ్చితముగా సరిపోవు పట్టము మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము. చరిత్ర చదివినవాడు బ్యాంకులో నోట్లు లెక్కించును. వృక్షశాస్త్రము చదివినవాడు మందుల కంపెనీ సంచి భుజమున వేసికొని వైద్యుల గుమ్మములు తొక్కును. ఇంజనీరింగు చదివినవాడు ఏమి చేయునో చెప్పనక్కరలేదు. పర్యావరణ శాస్త్ర విద్యార్థికి మాత్రము మూడేండ్లపాటు ఏ విద్య కళాశాలలో నేర్పబడుచున్నదో, తరువాత లోకము వానినుండి ఆ విద్యనే కోరుచున్నది. ఆ విద్య యేదనగా, చెరువును చూడకుండ చెరువునుగూర్చి వ్రాయుట. ఇది తేలిక యని తలచువారు ఒక్కమారు ప్రయత్నించి చూడవచ్చును. చూచి వ్రాయుట ఎవరికైనను చేతనగును.

ఈ శాస్త్రము మన కళాశాలలలో ప్రవేశించిన విధము సామాన్యమైనది కాదు. తక్కిన శాస్త్రములు జిజ్ఞాసవలన పుట్టినవి. ఇది న్యాయస్థానపు ఉత్తరువు చేతబట్టుకొని వచ్చినది. న్యాయవాది ఎం.సి. మెహతా గారు దాఖలు చేసిన వ్యాజ్యములో 1991 నవంబరు 22వ తేదీన సుప్రీం కోర్టు, ప్రజలకు తమ పరిసరములయెడ స్పృహ కలిగింపవలెనని తలచి, ప్రతి సినిమాహాలులోను ప్రతి ఆటయందును పర్యావరణమునుగూర్చి కనీసము 2 స్లైడులు ఉచితముగా చూపవలెననియు, పాఠశాలలలోను కళాశాలలలోను ఈ విషయమును విధిగా బోధించు ఏర్పాటు జరుగవలెననియు చెప్పెను. స్లైడుల గతి యేమైనదో విశ్రాంతి సమయమున నగల దుకాణముల ప్రకటనలను తిలకించు ప్రేక్షకులెల్లరును ఎరుగుదురు. బోధన మాత్రము నిలిచినది. పండ్రెండు సంవత్సరములు గడచిన పిమ్మట 2003లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఆరు మాసముల పాఠ్యక్రమమొకటి సిద్ధపరచి, బి.ఏ. యనక, బి.కాం. యనక, డిగ్రీ చదువు ప్రతి విద్యార్థియు దానిని చదివి తీరవలెనని పంపెను. అందు ప్రకరణములు 8, ఉపన్యాసములు 50. తుది ప్రకరణము క్షేత్రపర్యటన: దగ్గరి నదినో అడవినో కొండనో చూచి వ్రాయుట, కలుషితమైన స్థలమొకదానిని దర్శించుట, సామాన్యములైన మొక్కలను పురుగులను పక్షులను గుర్తించుట, చెరువువంటి చిన్న జీవావరణమును పరిశీలించుట. ఈ సమస్తమునకును కేటాయింపబడిన కాలము 5 ఉపన్యాసములకు సమానము. నల్లబల్లమీద 45 గంటలు, నేలమీద 5 గంటలు.

ఆ పాఠ్యక్రమమును కూర్చిన పెద్దలు పరీక్షకు 100 మార్కులు పెట్టి, వానిలో 75 వ్రాతకును 25 క్షేత్రపర్యటనకును పంచిరి. ఇక్కడనే వారు లోకజ్ఞానము లేనివారని తెలిసిపోయినది. గదిలో కూర్చున్న గంట విలువ ఒకటిన్నర మార్కులకు కొంచెము పైన. బయట తిరిగిన గంట విలువ 5 మార్కులు. ఇంతటి అమూల్యమైన గంటను ఎండలో పాడుచేయుటకు ఏ ప్రిన్సిపాలు ఒప్పుకొనును? బస్సు బాడుగ ఎవరివ్వవలెను? ఆడపిల్లల తల్లిదండ్రులనుండి అంగీకారపత్రములు ఎవరు తేవలెను? పిల్లవాడొకడు కాలుజారి చెరువులో పడినచో టీవీ వారికి సమాధానమెవరు చెప్పవలెను? సిలబసు ఎప్పటికి పూర్తికావలెను? ఈ ప్రశ్నలన్నియు న్యాయమైనవే. కావున పర్యటన మానవలెనని ఎవరును అనలేదు. పర్యటనను వ్రాసికొనవలెనని మాత్రము నిర్ణయింపబడినది. అది మొదలు ఈ శాస్త్రమునకు కేంద్రస్థానము ప్రకృతి కాదు, రికార్డు.

రికార్డనగా ఎరుగనివారి కొరకు వివరింతును. అది గట్టి అట్టగల పొడవాటి పుస్తకము. ఎడమప్రక్క బొమ్మలకు తెల్లకాగితము, కుడిప్రక్క వ్రాతకు గీతలకాగితము. తొలిపుటలో ఫలానా హాల్‌టికెట్టు నంబరుగల విద్యార్థి ఈ ప్రయోగములన్నియు స్వయముగా చేసెనని ధ్రువీకరణము, దానిక్రింద లెక్చరరు సంతకము. ప్రథమ సంవత్సరపు విద్యార్థి కళాశాలలో అడుగిడినతోడనే తెలిసికొనవలసినది గ్రంథాలయమెక్కడ నున్నదని కాదు, రికార్డు ఏ సీనియరు వద్ద నున్నదని. ఆ సీనియరు దానిని తన సీనియరునుండి పొందెను; అతడు ఇంకొకనినుండి. గురుశిష్యపరంపర తెగిపోయినదని విలపించు సంప్రదాయజ్ఞులు ఒక్క సెమిస్టరు చివర మన కళాశాలల వసారాలలో సంచరించినచో, పాఠమొక్క అక్షరమైనను చెదరకుండ, అక్షరదోషములతో సహా, తరమునుండి తరమునకు సంక్రమించుట కన్నులార చూచి సంతోషింపగలరు.

అట్టి రికార్డు వంశమొకటి నాకు బాగుగా తెలియును. కళాశాల పేరు చెప్పను; చదువరులలో పలువురు అది తమ కళాశాలయే యని తలంతురు గనుక చెప్పనక్కరయు లేదు. ఆ వంశమునకు మూలపురుషుడెవడో నిజముగా ఊరి పడమటనున్న చెరువునకు పోయియుండవచ్చును. తామరలు, తుంగ, జమ్ము, నీటికోళ్ళు, కొంగలు, కప్పలు, ఒడ్డున తుమ్మచెట్లు – అతడు వ్రాసిన వర్ణన ముచ్చటగానే యున్నది. నీటిలో కరిగియున్న ప్రాణవాయువు లీటరునకు 9.6 మిల్లీగ్రాములని అతడు తేల్చెను. తరువాతి వారందరును అదియే తేల్చిరి. ఇంతలో చెరువునకు సంబంధించిన ఇతర పరిశోధకులు రాత్రివేళల లారీలతో మొరము తెచ్చి పోసిరి. పిదప హద్దురాళ్ళు పాతిరి. పిదప రంగురంగుల జెండాలు కట్టి వెంచరు వేసిరి. రికార్డు ప్రకారము తామరలు పూయవలసిన చోట ఇప్పుడొక ఏసీ ఫంక్షన్ హాలు వెలసినది. చెరువును పరిశీలించిన విద్యార్థులలో ఒకరిద్దరి పెళ్ళిళ్ళు కూడ అందులోనే జరిగినవి. అయినను ఏటేట రికార్డులో నీటికోళ్ళు ఈదుచునే యున్నవి, కప్పలు అరచుచునే యున్నవి, ప్రాణవాయువు 9.6 దగ్గర చెక్కుచెదరక నిలిచియున్నది. 2024లో హైదరాబాదునందు హైడ్రా అను కొత్త సంస్థ వారు బుల్‌డోజర్లతో బయలుదేరి, ఏ చెరువునకు ఎఫ్‌టీఎల్ అను నిండునీటి హద్దు ఎంతవరకు, బఫర్ జోన్ ఎంతవరకు అని పాత పటములు తిరగవేసి, కోర్టులలో చీవాట్లు తినిరి గదా! వారు ఒక్కమారు డిగ్రీ కళాశాలల అలమరలు తెరిపించియున్నచో, నిండుకుండలవలె తొణుకుచున్న చెరువులు వందలకొలది దొరకియుండెడివి.

ఆ 9.6 అను అంకెను నేను చాలనాళ్ళు భక్తితో తలచుకొంటిని. రికార్డులో నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలని యున్నది. ఆ వేడిలో నీరు ఎంత శుభ్రమైనదైనను లీటరునకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును సామాన్యముగా నిలుపుకొనజాలదు. పట్టపగలు నాచు దట్టముగా పెరిగిన నీటిలో అంతకు మించవచ్చును. కాని మా రికార్డు చెరువు నాచులేని స్వచ్ఛమైన చెరువు. 9.6 కావలెనన్నచో నీరు 17 డిగ్రీల చలిలో నుండవలెను. తెలంగాణపు మే నెలలో ఈ చలి ఎక్కడనుండి వచ్చినది? మూలపురుషుడును చెరువునకు పోలేదా? అతడును ఏ శీతలదేశపు పుస్తకమునుండియో ఈ చెరువును ఎత్తివ్రాసెనా? ఈ సందేహమును బయటపెట్టుటకు నాకు మనసొప్పలేదు. వంశమూలమును ప్రశ్నించుట మర్యాద కాదు.

బి.ఓ.డి. ప్రయోగము ఇంతకంటెను ఘనమైనది. నీటిలోని కల్మషమును సూక్ష్మజీవులు జీర్ణము చేసికొనుటకు ఎంత ప్రాణవాయువు కావలెనో తెలుపునది ఈ కొలత. సీసాలో నీరు నింపి, గాలి చొరకుండ మూతబిగించి, చీకటిలో 20 డిగ్రీలయొద్ద 5 దినములుంచి, మొదట ఉన్న ప్రాణవాయువులోనుండి చివర మిగిలినదానిని తీసివేయవలెను. మన దేశపు ప్రమాణము ప్రకారమైనచో 27 డిగ్రీలయొద్ద 3 దినములు. మా ప్రాక్టికల్ క్లాసు మధ్యాహ్నము రెండు గంటలకు మొదలై నాలుగు గంటలకు ముగియును. ఇంక్యుబేటరు కలదు; అందు అటెండరు టిఫిను డబ్బా నుండును. అయినను నాలుగు గంటలకు గంట మ్రోగునప్పటికి ఏబదిమంది విద్యార్థులలో ఏబదిమందికిని ఫలితము సిద్ధము. బ్రహ్మదేవునకు ఒక పగలు గడచునప్పటికి మానవులకు వేయి మహాయుగములు గడచునని పురాణములు చెప్పగా నమ్మినవారము, రెండు గంటలలో ఐదు దినములు గడచుటను నమ్మలేమా? ఇంతటి కాలవిజయము సాధించిన ప్రయోగశాల కిటికీక్రిందనే వయ్యారిభామ నడుమెత్తు పెరిగి, తెల్లని పూలతో ఊగుచు, లోనికి తొంగిచూచుచుండును. కళాశాల ఆవరణమునందలి కలుపుమొక్కల పట్టికలో దాని పేరు లేదు. మూలరికార్డులో లేదు మరి.

రికార్డు చూడకుండ వ్రాయుట నేర్పును. చదువకుండ వ్రాయుట నేర్పునది గైడు. గ్రాంట్ల సంఘము వారు పుణే నగరపు శస్త్రవైద్యుడును ప్రకృతిప్రేమికుడును అగు ఇరాక్ భరూచా గారిచేత ఈ పాఠ్యమునకు పుస్తకము వ్రాయించిరి. అది మన హైదరాబాదునందే అచ్చయినది, చదువదగినది; కనుకనే విద్యార్థులు దాని జోలికి పోరు. పరీక్షకు ముందురోజు జిరాక్సు దుకాణమున దొరకు పలుచని కట్టలో, మూడు నక్షత్రముల గుర్తుగల ప్రశ్నలకు జవాబులు తలా ఒక పుట. ఆ పుటలలో కాలుష్యమనునది ఎప్పుడును విదేశీయమైన వస్తువు. జపానునందు మినమాటా అఖాతమున పాదరసము కలిసిన చేపలు తిని మనుష్యులు వంకరలు తిరిగిపోయిన వ్యాధి 1956లో బయటపడినది – మూడు నక్షత్రములు. 1952 డిసెంబరులో లండను నగరమును పొగమంచు కప్పి వేలమంది మరణించిరి – రెండు నక్షత్రములు. దూరపు కొండలు నునుపు అందురు గాని, మన గైడులలో దూరపు మురికి కూడ నునుపుగనే యుండును.

పటాన్‌చెరు ప్రక్కన నక్కవాగు అని యొకటి పారి మంజీరలో కలియును. 1970ల నుండి అక్కడ వెలసిన పరిశ్రమల నీరు ఆ వాగునకు రంగులును వాసనలును సమకూర్చినది. దానిక్రింద వరి పండించుకొన్న రైతులు తమ పొలములను, పశువులను, బావులను పోగొట్టుకొనిరి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు తన రోగుల ఒంటిమీద కాలుష్యమును చదివి, దశాబ్దముల తరబడి అధికారుల చుట్టును కోర్టుల చుట్టును తిరిగిరి. ఇంత జరిగినను నక్కవాగునకు మా గైడులో ఒక్క నక్షత్రమైనను దక్కలేదు. అప్పుడు స్వీడను దేశపు గోథెన్‌బర్గు విశ్వవిద్యాలయము వారికి సంగతి తెలిసినది. ఆ ప్రాంతపు మందుల కర్మాగారముల వ్యర్థజలములు చేరు శుద్ధికేంద్రమునుండి, శుద్ధి జరిగినదన్న నీటినే పట్టి వారు పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవిసంహారకము లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదట! ఆ మందు మింగిన రోగి రక్తములో నుండు మోతాదుకంటె అది అధికము. ప్రపంచమంతటను శాస్త్రజ్ఞులు ఉలికిపడిరి. పటాన్‌చెరు నుండి సిటీబస్సు దూరములో ఎన్ని డిగ్రీ కళాశాలలున్నవో, వానిలో ఎంతమంది విద్యార్థులు ఆ యేడు నీటి కాలుష్యమునకు కారణములను ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, క్రింద ఎర్రసిరాతో గీతలు గీసి, 25కు 24 మార్కులు పొందిరో లెక్కపెట్టినవారు లేరు. స్వీడను వారిని చూచి జాలిపడవలెను. పాపము, ఆ చలిదేశమున గైడులు దొరకవు కాబోలు; అందువలన నీటిని చూచుటకు సముద్రములు దాటి రావలసివచ్చినది.

ఫ్లోరైడు సంగతి చెప్పి ముందునకు పోవుదును. ఎముకలను వంచు ఈ జబ్బు మన దేశమున మనుష్యులలో ఉన్నదని 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలయందే గుర్తించిరి. నీటినుండి ఫ్లోరైడు తీయుటకు నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ వారు కనిపెట్టిన ఉపాయమునకు నల్లగొండ పద్ధతియని మన జిల్లా పేరే పెట్టిరి. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు – ఐదు మార్కులు. ఆ జవాబు వ్రాయు విద్యార్థి మర్రిగూడ ప్రాంతమువాడే కావచ్చును. ఇంటివద్ద వాని తాత నడుము వంగి, మోకాళ్ళు బిగిసి, మంచముపట్టి యుండవచ్చును. ప్రశ్నాపత్రము ఆ తాతనుగూర్చి అడుగదు. అడిగినను సిలబసు బయటి ప్రశ్నయని విద్యార్థిసంఘములు ధర్నా చేయును, గ్రేస్ మార్కులు కలుపబడును.

జూన్ 5వ తేదీనాటి మొక్కలు నాటు మహోత్సవమునుగూర్చి వ్రాయుమని మిత్రులు కోరిరి గాని, అది ఇదివరకే అనేకుల చేతిలో నలిగినది. పోయిన ఏటి గుంటలోనే ఈ ఏటి మొక్కను నాటుట నీటి పొదుపని మాత్రము అనుకొందును.

ఇప్పుడు ఉద్యోగమున కేమి చెప్పెదవని మేనమామలు అడుగవచ్చును. వారికి పర్యావరణ ప్రభావ మదింపు అను మహావ్యవస్థ సంగతి తెలియదు. గని త్రవ్వుటకు గాని, సిమెంటు కర్మాగారము పెట్టుటకు గాని ముందు, దానివలన గాలికి నీటికి అడవికి ఏమగునో నివేదిక సమర్పింపవలెనని 1994లో కేంద్రప్రభుత్వము నియమము చేసెను. దానిని 2006లో తిరగవ్రాసెను. ఆ నివేదిక ఎవరు వ్రాయింపవలెను? గని త్రవ్వదలచినవారే. ఖర్చెవరిది? వారిదే. వ్రాయువారెవరు? వారు నియమించుకొన్న కన్సల్టెంట్లు. ఈ ఏర్పాటులో లోపమున్నదనువారు కలరు; పెండ్లికుమారుని గుణగణములను వాని తల్లికంటె బాగుగా ఎవరు చెప్పగలరో వారే సెలవియ్యవలెను. పది కిలోమీటర్ల వ్యాసార్ధములో ఏయే చెట్లున్నవి, ఏయే పక్షులున్నవి, వాగులెన్ని, ఆ నీటి గుణములెట్టివి – ఇవన్నియు ఆ నివేదికలో ఉండవలెను. క్లయింటునకు తొందర, కన్సల్టెంటునకు వారము గడువు. ఇట్టి సమయమున గడగడ వణకక, నిబ్బరముగా కంప్యూటరు ముందు కూర్చుండి, పాత ఫైలు తెరచి, జిల్లా పేరు మార్చి, చూడని అడవిని వర్ణింపగల వీరుడెవడు? వాడు మన రికార్డు వంశమువాడే! మూడేండ్ల సాధన ఊరకపోవునా?

ఈ కళ ఎంతటి శిఖరమునకు చేరగలదో మహారాష్ట్రమునందలి రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైటు గని కొరకు సిద్ధమైన నివేదిక నిరూపించినది. అందలి భాగములు రష్యాదేశపు బాక్సైటు గనికి చేసిన నివేదికనుండి ఎత్తివ్రాసినవని బయటపడి పత్రికలకెక్కినది. కొంకణ తీరమున, మామిడితోటలును జీడితోటలును తప్ప ఎరుగని నేలమీద, మంచుదేశముల స్ప్రూస్ అడవులును బర్చి వృక్షములును మొలచినవి! దీనిని విని దేశమంతయు నవ్వినది, నేను నవ్వలేదు. తెలంగాణపు చెరువులో పదియేడు డిగ్రీల చలిని కూర్చినవాని చేయి ఇందులో నాకు కనిపించినది. వ్యక్తి వేరైనను సంప్రదాయమొక్కటియే.

నివేదిక పూర్తియైన పిమ్మట ప్రజాభిప్రాయ సేకరణ. ఊరి బయట షామియానా, వేదికమీద అధికారులు, వేదికచుట్టు పోలీసులు, వెనుక బిర్యానీ పొట్లములు. నియమము ప్రకారము నివేదిక సారాంశము తెలుగున కూడ ఉండును. అది ఏ తెలుగువానికిని అర్థము కాకుండ తగిన జాగ్రత్తలు తీసికొనబడియుండును. ఇట్టి సభలలో సాధారణముగా ఒక ముసలమ్మ లేచి, మైకు తిన్నగా పట్టుకొనుట రాక, "సారూ, మా ఊరి పక్కపొంటి వాగు పారుతది. మీ కాయితంల వాగు లేదంటున్రు. మరి మా బర్లు నీళ్ళేడ తాగుతున్నయ్?" అని అడుగును. కన్సల్టెంటు యువకుడు లేచి, వినయముగా, "అమ్మా, మా స్టడీ ప్రకారం ఆ ఏరియాల వాగు లేదమ్మా" అని చెప్పి కూర్చుండును. వాడు అబద్ధమాడలేదు. వాడు చదివిన చదువులో కాగితము సాక్షి, వాగు వదంతి. రికార్డులోనున్న చెరువు నేలమీద లేదు. నివేదికలో లేని వాగు నేలమీద నున్నది. రెండును కూడి సగటు తీసినచో దేశమునందలి నీరు సరిపోయినట్లే.

కాగితములలో ఏది యున్నను లేకున్నను గాలి తన దారిన తాను పోవుననుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణపు ప్రక్కన ఆర్.ఆర్. వెంకటాపురమున పాలిమర్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలోనున్న ఊరిమీద పడినది. 12 మంది మరణించిరి. పరుగెత్తినవారు దారిలో కూలిరి. తమ కర్మాగారమునకు చెల్లుబాటగు పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థ వారే అంతకు ముందటేడు ప్రమాణపత్రములో వ్రాసియిచ్చినట్లు తరువాత తెలిసినది. ఆ పత్రమును అందుకొన్న బల్లలు, చదువవలసిన కన్నులు, వేయవలసిన సంతకములు ఎన్నో యుండెను. ఇక్కడ నాకు హాస్యము సాగదు. ఆ సంవత్సరపు సెమిస్టరు పరీక్షలు కోవిడు కారణముగా వెనుకబడెను. తరువాతి ప్రశ్నాపత్రములలో భోపాలు దుర్ఘటన యథాప్రకారము వచ్చినది.

ఇంత చక్కగా సాగుచున్న వ్యవస్థకు విఘాతము కలిగించువారు కొందరు లెక్చరర్లు లేకపోలేదు. ఒప్పందపు జీతము మీద పనిచేయుచు, ఆ జీతమును నెలనెల రాక, అయినను ఆదివారము ఉదయము తమ డబ్బుతో ఆటో మాట్లాడి పిల్లలను చెరువుగట్టునకు తీసికొనిపోవు మూర్ఖులను నేనెరుగుదును. అట్టివారి వలన విద్యార్థులకు కలుగు నష్టమింతింత కాదు. ఒక బాలిక, వారిలో ఒకరి మాట విని, ఫంక్షన్ హాలు వెనుక మిగిలిన మడుగువద్దకు సీసా పట్టుకొనిపోయి, ముక్కునకు చున్నీ చుట్టుకొని నీరు తెచ్చి, మాంగనసు సల్ఫేటు వేసి, క్షారపు అయొడైడు వేసి, అవక్షేపము గోధుమరంగునకు మారుటకు బదులు దాదాపు తెల్లగనే నిలిచిపోగా భయపడి, మరల చేసి, మూడవమారు కూడ చేసి, కరిగిన ప్రాణవాయువు లీటరునకు 0.8 మిల్లీగ్రాములని రికార్డులో వ్రాసెను. తామరల బొమ్మకు బదులు మురుగుగొట్టము బొమ్మ గీసెను. నీటికోళ్ళు కనబడలేదని కూడ వ్రాసెను. ఇది బొత్తిగా అనవసరము.

వైవా నాడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా వచ్చిన పెద్దమనిషి దయగలవాడు. భోజనానంతరము, కండ్లద్దములు సవరించుకొని, ఆ అంకెను రెండుమార్లు చూచి, మెల్లగా అడిగెను: "అందరికి 9.6 వచ్చింది గదమ్మా. నీ ఒక్కదానికే 0.8 ఎందుకొచ్చింది?"

"నేను చెరువు దగ్గరికి పోయిన సార్."

ఆయన చాలసేపు ఆలోచించెను. "ఎవరు పొమ్మన్నరమ్మా?" అనెను.

తరగతిలో తక్కినవారికి 24, ఆమెకు 14 వచ్చినవి. ప్రాక్టికల్ మార్కులకు రీవాల్యుయేషను లేదు. సెమిస్టరు చివర జూనియర్లు రికార్డుల కొరకు ఇల్లిల్లు తిరిగినప్పుడు ఆమె తన పుస్తకమును ఇయ్యజూపగా ఒక్కరును పుచ్చుకొనలేదు. అందలి అంకె ప్రతి వర్షమునకును మారునట, అట్టి నిలకడలేని అంకెను నమ్ముకొని పరీక్షకు ఎట్లు పోవుటయని వారి వాదము.